మేమా, మనమా?

బైబిలును ఒంటరిగా చదవడానికీ, ముప్ఫైమంది ఒకే పొయ్యి మీద వండినది తినే ఇంట చదవడానికీ మధ్య ఉన్న తేడాను గురించి చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను. ఒంటరిగా చదివేవాడికి వాక్యం అంతగా ఎదురు చెప్పదు. అర్థం కాని చోటు దాటిపోవచ్చు, నచ్చిన చోట ఆగి కింద గీత గీసుకోవచ్చు. పుస్తకం మూసేస్తే ప్రశ్న కూడా దానితో పాటే మూతపడుతుంది. పదిమందితో కలిసి చదివితే అలా కుదరదు. పొద్దున తరగతిలో పొరుగువాణ్ణి గురించి చదివిన మాట మధ్యాహ్నానికి బోరు దగ్గర బకెట్టు పట్టుకొని మనకంటే ముందు నిలబడి ఉంటుంది.

పూతలపట్టు దగ్గర ఒక చిన్న బైబిలు పాఠశాలలో నేను ఒక సంవత్సరం ఉన్నాను. పెద్ద పేరున్న సంస్థ కాదు. పట్టాలిచ్చే వేదాంత కళాశాల అంతకన్నా కాదు. రెండు పొడవాటి షెడ్లు, ఒక వంటిల్లు, ప్రార్థనకూ తరగతికీ భోజనానికీ పనికివచ్చే ఒక హాలు, చుట్టూ మామిడితోపు. తిరుపతి నుంచి వచ్చే దారి, కడప నుంచి పీలేరు మీదుగా వచ్చే దారిని పూతలపట్టు దగ్గర కలుసుకొని, రెండూ ఒకటై చిత్తూరు వైపు సాగుతాయి. అక్కడి నుంచి తమిళదేశపు పొలిమేర ఎంతో దూరం కాదు. అందుచేత విద్యార్థులు కూడా దారుల వలెనే అన్ని వైపుల నుంచి వచ్చి కలిసినవారు. రాయచోటి వైపు తెలుగు, మదనపల్లె వైపు తెలుగు, గుడియాత్తం వైపు నుంచి వచ్చిన అన్న మాట్లాడే సగం తమిళం కలిసిన తెలుగు, అన్నీ ఆ హాలులో వినిపించేవి.

పాఠశాల దినచర్యలో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. తెల్లవారుజామున గంట, మౌనంగా చదువుకునే సమయం, కీర్తన, ప్రార్థన, తరగతులు. మధ్యాహ్నం తర్వాత తోటపని. ఇవన్నీ ప్రపంచంలోని ఏ మఠంలోనైనా ఏదో ఒక రూపంలో ఉన్నవే. అయితే ఈ చిన్న చిన్న ఏర్పాట్లే అక్కడ మాకు వ్యాఖ్యానాలయ్యాయి. ఒక ఉదాహరణ చెబుతాను.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంలో పౌలు ఒక భోజనం గొడవను ప్రస్తావిస్తాడు. సంఘం కూడుకున్నప్పుడు ముందు వచ్చినవాళ్లు తమ తిండి తాము తినేస్తున్నారు, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆకలితో ఉండిపోతున్నారు. పెందలాడే వచ్చే తీరిక కలవారికే ఉంటుంది, యజమాని వదిలితే గాని రాలేనివాళ్లు దాసులూ కూలీలూ అని పండితులు వివరిస్తారు. కూడుకున్నప్పుడు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండి అన్నది పౌలు చెప్పిన పరిష్కారం. ఎంత చిన్న మాట! ఇంట్లో చదివినప్పుడు ఈ వాక్యం దగ్గర నేను ఎన్నడూ ఆగలేదు. ఎదురుచూడడంలో కష్టమేముంది అనిపించేది.

చిత్తూరు సీమలో రాగిసంగటి తినేవారికి ఆ కష్టం తెలుస్తుంది. సంగటి వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే ముద్ద గట్టిపడి గొంతు దిగదు. మామిడికాయల కాలంలో తోట చివర పనిచేసే జట్టు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. గంట కొట్టాక వాళ్ల కోసం ఆగితే అందరి సంగటీ చల్లారుతుంది. ఆగకపోతే వాళ్లకు అడుగున మిగిలిన మాడే దక్కుతుంది. ఈ సంగతి మీద హాలులో నిజంగానే వాదం జరిగింది. చివరకు ఆగడమే నిర్ణయమైంది. గట్టిపడిన సంగటిని చెనిక్కాయల ఊరిబిండితో మింగుతూ పౌలు మాటను తలచుకున్నాను. అది మర్యాద నేర్పే మాట కాదు. ఎవరి సౌకర్యం ఎంత తగ్గాలో లెక్క చెప్పే మాట.

*

ఈ వ్యాసానికి పెట్టిన పేరు వెనకాల మరో వాదం ఉంది. అది ఆ సంవత్సరమంతా ఏదో ఒక రూపంలో సాగుతూనే వచ్చింది.

తెలుగులో మనకు రెండు బహువచనాలున్నాయి: 'మేము', 'మనము'. వినేవాణ్ణి వెలుపల ఉంచితే మేము, కలుపుకుంటే మనము. చిన్నపిల్లవాడికి సైతం ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు. తమిళంలోనూ ఉంది, మలయాళంలోనూ ఉంది. హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు. ముఖ్యంగా బైబిలు రాసిన భాషల్లో లేదు. హీబ్రూలో 'అనఖ్ను' అన్నా, గ్రీకులో 'హేమేయిస్' అన్నా వినేవాడు లోపలున్నాడో బయటున్నాడో ఆ మాట చెప్పదు. సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. అంటే మూలంలో ఆ మాట ఎదురైన ప్రతిసారీ తెలుగు అనువాదకుడు కలం ఆపి ఆలోచించక తప్పదు. ఇక్కడ మాట్లాడేవాడు ఎదుటివాణ్ణి కలుపుకున్నాడా, లేదా? తేల్చకుండా దాటిపోవడానికి ఇంగ్లీషువాడికి వీలుంది. తెలుగువాడికి తరచుగా ఉండదు.

మాకు సువార్తలు చెప్పిన పెద్దాయనను అందరం అయ్యగారు అనేవాళ్లం. ఆయన ఈ విషయాన్ని ఒక పాఠంగా కాక ఒక ఆటగా మొదలుపెట్టారు. గలిలయ సముద్రం మీద తుఫాను రేగింది. దోనె అమరంలో తలగడ మీద యేసు నిద్రపోతున్నాడు. నశించిపోతున్నామని శిష్యులు ఆయనను లేపారు. ఇక్కడ మేమా, మనమా? తెలుగు బైబిలు మార్కు సువార్తలో 'మేము' అంది. మత్తయిలోనూ తమ్మును రక్షించమనే అడిగారు. అంటే ఆయన నశించడు, మేమే నశిస్తాం అన్న భావం. ఆయన ఎవరో వాళ్లు అప్పటికే గ్రహించారన్నమాట. కానీ కథ చివర గాలీ సముద్రమూ అణగిపోయాక, ఈయన ఎవరో అని విస్తుపోయేది కూడా ఆ శిష్యులే కదా! అప్పటికి ఎరగనివాళ్లయితే 'మనము' అనే అని ఉండాలి.

తరగతి రెండుగా చీలింది. వంటింట్లో పనిచేసే అవ్వ గడప దగ్గర కూర్చుని వింటూ ఉండేది. ఆమెకు చదువు రాదు గాని సువార్త కథలన్నీ చెవిన పడి నోటికి వచ్చినవే. "అదేంది సామీ, ఆయన కూడా పడవలోనే ఉండాడు కదా. మునిగితే అందరూ కదా మునిగేది" అంది. అయ్యగారు నవ్వి, దేవుడు మనిషిగా పుట్టాడన్న సిద్ధాంతం మీద రాసిన గ్రంథాలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయన్నారు. మునిగే పడవలో ఆయన ఉన్నాడా, ఒడ్డున ఉన్నాడా? పడవలోనే ఉన్నాడని నమ్మేవాళ్లం క్రైస్తవులం. అయినా మన తెలుగు బైబిలు అక్కడ 'మేము' అనే అంటుంది, అందుకు కారణం లేకపోలేదు. ఏ జవాబూ చెప్పకుండానే ఆయన గంట కొట్టించారు.

*

తెలుగు బైబిలు ఒక్కరి చేతి మీదుగా వచ్చింది కాదని తెలిశాక ఈ మాటల బరువు మరికొంచెం తెలిసింది. 1726లో మద్రాసు చేరిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి అనువాదం చేశాడు గాని అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ లకు ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు తోడయ్యాడు. వాళ్లిద్దరూ 1809, 1810 సంవత్సరాల్లో ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎందరో మోశారు ఆ పనిని.

అందులో ఒక పెద్ద భాగం మా సీమలోనే జరిగిందని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. అమెరికా రిఫార్మ్డ్ చర్చివారి ఆర్కాటు మిషను 1853లో ఏర్పడింది. స్కడర్ సోదరులు దాన్ని నెలకొల్పారు. ఆనాటి ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది 1911లో. ఆ మిషనుకు చెందిన వైద్యుడు జాకబ్ చాంబర్లెన్ 1863 నుంచి మదనపల్లెలో ఉండి, 1908లో అక్కడే చనిపోయాడు. 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఇరవై ఏళ్లు! రోగులను చూసుకుంటూ, ఎద్దులబండి మీద ఊళ్లు తిరుగుతూ, నడుమ కూర్చుని ఇది మేమా మనమా అని తేల్చుకున్నవాళ్లలో ఆయన ఒకడన్నమాట. ఆ మిషనువారే పలమనేరులో 1880ల చివర ఉపదేశకుల కోసం ఒక వేదాంత పాఠశాల పెట్టారు. పూతలపట్టు నుంచి పలమనేరు బస్సులో కొద్దిసేపటి ప్రయాణం. నూరేళ్లు దాటినా ఆ పని ఈ చుట్టుపక్కల ఏదో రూపంలో సాగుతూనే ఉంది.

చర్చల్లో పుట్టిన గ్రంథం కాబట్టే చర్చలో చదివినప్పుడు అది తెరుచుకుంటుందేమో అనిపిస్తుంది. దాని భాష నేటి మన నోటి భాష కాదు. 'చేయుచున్నాడు', 'వచ్చెను' అని నడుస్తుంది. చిత్తూరువాడు 'చేస్తా ఉండాడు' అంటాడు. నిర్గమకాండంలో మోషే దేవుని పేరు అడిగే ఘట్టాన్ని ఒకరోజు ఒక తమ్ముడు తన మాటల్లో చెప్పవలసి వచ్చింది. తెలుగు బైబిలులోని ఆ బరువైన వాక్యాన్ని రెండుమూడుసార్లు తడబడి చదివి, చివరకు పుస్తకం పక్కన పెట్టి "నేను ఉండాను, పో, అని చెప్పమన్నాడు దేవుడు" అన్నాడు. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఆ 'ఉండాను' అన్న మాటలో మా అమ్మ చీకట్లో పక్కగదిలోంచి పలికినట్టు ఒక భరోసా వినిపించింది నాకు. గ్రాంథికం చెప్పిన అర్థమూ అదే. కానీ గ్రాంథికం దగ్గర నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను, మాండలికం దగ్గర కూర్చున్నాను. రెండూ కావలసినవే.

పూతలపట్టు పేరు సాహిత్యం చదివేవారికి మరో విధంగానూ తెలుసు. కంబరామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పూతలపట్టు శ్రీరాములురెడ్డిగారి ఇంటిపేరు అది. తమిళం నుంచి తెలుగు చేసేవాడికి మేము-మనము చిక్కు మాకున్నంత ఉండదు కదా, ఆ రెండు మాటలూ అక్కడా ఉన్నాయి కదా అని గుడియాత్తం అన్నతో అన్నాను. ఆయన అందుకు వేరే జవాబు చెప్పాడు. కంబని రాముడు విభీషణుణ్ణి చేరదీసుకుంటూ అన్నదమ్ముల లెక్క చెబుతాడట. గుహుడితో కలిసి అయిదుగురమయ్యాం, సుగ్రీవుడితో ఆరుగురం, ఇప్పుడు నీతో ఏడుగురం అని. పడవ నడిపే బోయవాడు, వానరుడు, శత్రువు తమ్ముడు. ఒక్కొక్కరు వచ్చినకొద్దీ ఆ ఇల్లు పెద్దదవుతుంది. "ఇంతకంటే మంచి మనము ఎక్కడుంది బ్రదర్?" అన్నాడు ఆయన. బైబిలు బడిలో కూర్చుని కంబణ్ణి తలచుకోవడం తప్పేమీ కాదని అయ్యగారు కూడా అన్నారు. ఆ లెక్క మాకు ఆ తర్వాత చాలాసార్లు పనికొచ్చింది.

*

యోహాను రాసిన మొదటి పత్రిక మొదలు చదివినప్పుడు ఈ ఆట ఆటగా ఉండడం మానేసింది.

ఆ పత్రిక తొలి వాక్యాల్లో మాట్లాడేది కళ్లారా చూసినవాళ్లు, చేతులతో తాకినవాళ్లు. అక్కడ తెలుగు బైబిలు 'మేము' అంటుంది. సహజమే. వినేవాళ్లు చూడలేదు. అయితే మూడో వచనంలో మాతో మీకు సహవాసం కలగాలనే చెబుతున్నామని అంటూనే, అదే వచనంలో తండ్రితోనూ కుమారుడితోనూ ఉన్న ఆ సహవాసాన్ని 'మన' సహవాసం అని తిప్పేస్తుంది. నాలుగో వచనంలో రాసేది 'మేము', పరిపూర్ణం కావలసిన సంతోషం మాత్రం 'మన' సంతోషం. గ్రీకులో అన్నిచోట్లా ఒకటే మాట. ఆ ఒకే మాట ఎక్కడ గడప దాటి అవతలివాళ్లను లోపలికి తెచ్చుకుందో కనిపెట్టి చెప్పినవాళ్లు మన తెలుగు అనువాదకులు. చూసినవాళ్లకు ఒక హక్కు ఉంది. ఆ హక్కును వాళ్లు ఒక్క వచనంలో వదులుకున్నారు. సువార్త అంటే ఇదే, మేము మనముగా మారడం, అన్నారు అయ్యగారు. నోటు పుస్తకాల్లో రాసుకున్నాం.

రాసుకోవడం తేలికే. ఆ సంవత్సరం మాలో ఒక తమ్ముడికి రెండు పేర్లున్నాయని మెల్లగా అందరికీ తెలిసింది. బాప్తిస్మం నాడు పెట్టుకున్న పేరు ఒకటి, బడి సర్టిఫికెట్లలో ఉన్న పేరు మరొకటి. మా సీమలో ఇది కొత్త సంగతి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులం నుంచి క్రైస్తవం తీసుకున్నవారిని మన రాష్ట్రంలో బీసీ-సీ గా లెక్కిస్తారు. ఆ వర్గానికున్న వాటా 1 శాతం. ఈ పూతలపట్టు శాసనసభ స్థానమే షెడ్యూల్డు కులాలకు కేటాయించినది. ఆ తమ్ముడి ఇంట్లో చెల్లెలు చదువుకుంటోంది. ఆమె ఉపకారవేతనమూ, కళాశాల సీటూ ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి. ఊళ్లో మాత్రం వాళ్ల ఇల్లు ఎక్కడుందో, పెళ్లిళ్లలో వాళ్లను ఎక్కడ కూర్చోబెడతారో, బాప్తిస్మానికి ముందూ తర్వాతా ఒకటే.

సంవత్సరాంతంలో అందరం కలిసి ఫోటో తీయించుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ తమ్ముడు కెమెరా తానే తీసుకొని, అందరినీ వరుసలో నిలబెట్టి, తాను తీశాడు. ఇంకొకరు తీస్తామన్నా ఒప్పుకోలేదు. ఫోటో గోడమీద తగిలించినప్పుడు అవ్వ ఒక్కొక్కరినీ వేలితో చూపుతూ లెక్కపెట్టి, "ఆ బిడ్డ ఏడ?" అంది. తీసింది ఆయనే అవ్వా అన్నారెవరో. "అయితే దీంట్లో ఆ బిడ్డ లేనట్టే కదా" అంది.

ఆ రాత్రి షెడ్డులో మాటలు నడిచాయి. సాక్ష్యం దాచుకునేవాడు మనవాడెలా అవుతాడన్నాడు ఒకడు. కోడి కూయకముందు పేతురు అన్న మాటలు ఇంకొకడికి గుర్తుకొచ్చాయి. విషయం అయ్యగారి దాకా వెళ్లింది. ఆయన ఎవరినీ మందలించలేదు. మరునాడు తరగతిలో ఒక్కటే అడిగారు: బాప్తిస్మం వల్ల ఎవరి కాగితం మారింది, చెప్పండి అని.

ఒక్కొక్కరే చెప్పారు. అగ్రకులం నుంచి వచ్చిన అన్నకు మారడానికి ఏమీ లేదు. ఎరుకల కుటుంబం నుంచి వచ్చిన తమ్ముడికీ ఏమీ మారదు, ఎందుకంటే షెడ్యూల్డు తెగల హోదాకు మతంతో పనిలేదు. మూడు తరాలుగా క్రైస్తవులైన ఇంటివాడు పుట్టుకతోనే బీసీ-సీ, అతను పోగొట్టుకోవలసింది తాతల కాలంలోనే పోయింది. మిగిలింది ఆ తమ్ముడు, అతనిలాంటి మరి ముగ్గురు. నీళ్లు ఒకటే, బాప్తిస్మమూ ఒకటే. దానికి ఒక్కొక్క గడపలో ఒక్కొక్క వెల పడింది. కొందరికి అసలు పడలేదు. అంతా విన్నాక అయ్యగారు, వెల కట్టనివాడు కట్టవలసినవాడికి పేతురు కథ చెప్పేటప్పుడు కొంచెం మెల్లగా చెప్పాలి అని మాత్రం అన్నారు. ఆ తమ్ముడు చేసింది ఒప్పని ఆయన అనలేదు, తప్పనీ అనలేదు.

ఆ తమ్ముడు చివరి బెంచీలో కూర్చుని ఉన్నాడు. చాలాసేపటికి అతనొక మాట అన్నాడు. "అయ్యగారూ, నేను మీలో ఒకణ్ణే అని మీరంతా అంటా ఉండారు. అది నాకు చాలు. కానీ మా ఊళ్లోవాళ్లు కూడా నావాళ్లే. వాళ్లను మేము అనే కదా నేను అనాల్సింది." అంటే అతనికి రెండు 'మేము'లు ఉన్నాయి, రెండింటిలోనూ నిజంగానే ఉన్నాడు. ఆ రెండూ కలిసే 'మనము' ఏ కాగితంలోనూ లేదు. అంతవరకు మేము చేసిన వ్యాకరణ చర్చలన్నీ ఆ మాట ముందు తేలిపోయాయి.

*

భోజనం బల్ల దగ్గరే ఈ ప్రశ్న తేలుతుందని మొదట గ్రహించినవాడు పౌలు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అతణ్ణి అందరి ఎదుటే నిలదీశాడు. గలతీయుల పత్రికలో ఉంది ఈ సంగతి. మన దేశంలోనూ ఈ పరీక్ష జరిగింది. కులాన్ని సంఘంలో కొనసాగనివ్వకూడదని మద్రాసు మిషనరీ కాన్ఫరెన్సు 1850లో తీర్మానించింది. తక్కువగా చూడబడే కులంవారు వండినది అందరితో కలిసి తినగలరా అన్నదాన్ని ఆ రోజుల్లో ఉపదేశకులకు గురుతుగా పెట్టారు. ఎందరో ఒప్పుకోలేదు, సంఘాలే చీలాయి. ప్రసంగంలో ఎంతైనా చెప్పవచ్చు. పక్కనున్న పళ్లెం దగ్గర దాచలేం.

దూరదేశంలో ఇటువంటిదే ఇంకొకటి జరిగింది. 1933లో జర్మనీలో నాజీలు యూదు రక్తం ఉన్నవారిని ఉద్యోగాల నుంచి తొలగించే నిబంధన తెచ్చారు. చర్చి పాదరులకూ దాన్ని వర్తింపజేయాలని చర్చిలోనే కొందరు పట్టుబట్టారు. 'మనము' అన్న మాట నుంచి కొందరిని కొట్టివేయడానికి ఒప్పుకోని వాళ్లు వేరుపడ్డారు. వాళ్ల కోసం 1935లో ఫింకెన్‌వాల్డె అనే చోట డీట్రిష్ బోన్‌హోఫర్ ఒక చిన్న పాఠశాల నడిపాడు. కలిసి చదవడం, కలిసి తినడం, కలిసి ప్రార్థించడం. 1937లో గెస్టపో దాన్ని మూయించింది. అక్కడి జీవితాన్ని గురించి ఆయన 1939లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆయనను 1945లో ఉరి తీశారు. బైబిలు చదవడానికి కొందరు ఒకచోట కూడి ఉండడం అంత ప్రమాదకరమా అని మొదట విన్నప్పుడు ఆశ్చర్యపోయాను. ఎవరిని బయట ఉంచాలో రాజ్యం చెప్పిన చోట, వాళ్లను లోపలే ఉంచుకొని కలిసి అన్నం తినడం ప్రమాదకరమే.

బైబిలు పాఠశాలలకు తనదైన అపాయం ఒకటుంది, అదీ చెప్పాలి. పొద్దస్తమానం వాక్యం మధ్య ఉండేవాళ్లకు ప్రహరీగోడ లోపల ఉన్నదే 'మనము' అనిపించడం మొదలవుతుంది. మా పాఠశాలకు కాణిపాకం ఎంతో దూరం లేదు. అక్కడ వినాయక చవితితో మొదలై 21 రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో నడిచిపోయే భక్తులు గేటు దగ్గర ఆగి నీళ్లు అడిగేవాళ్లు. అవ్వ బిందె నింపి గేటు దగ్గర పెట్టేది. వాళ్లు ఎవరు, మనమెవరు అన్న చర్చ ఆమె చేయలేదు. సమరయ స్త్రీ కథలో దప్పిగొని నీళ్లడిగింది యేసేనని ఆమెకు తెలుసు. మేము చదివిన వ్యాఖ్యానాల్లో ఆ బావి ఎంత లోతో ఉంది. దాహమైనవాడి చేతి గిన్నెను ముట్టుకోవచ్చా లేదా అన్న ప్రశ్న ఈ దేశంలో ఇంకా బతికే ఉందని చెప్పడానికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

ఇప్పుడు నేను మళ్లీ ఒంటరిగానే చదువుతున్నాను. ఒంటరి పఠనం మీద నాకు చిన్నచూపు లేదు. ఎవరూ వినని చోట వినవలసిన మాటలు చాలా ఉన్నాయి. అయితే ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. 'మేము' గాని, 'మనము' గాని కనిపించిన చోట ఆగి, ఇక్కడ ఎవరెవరున్నారు, ఎవరు లేరు అని లెక్కపెట్టుకుంటాను.

ఆ లెక్క ప్రతిసారీ నన్ను చిక్కులో పెట్టేది ప్రభువు ప్రార్థన దగ్గర. తెలుగులో దాని మొదట్లోనే 'మా' అని ఉంది. ప్రార్థన దేవునితో కాబట్టి 'మన' అనడానికి వీల్లేదు, వ్యాకరణం ప్రకారం సరైనదే. కానీ తెలుగులో 'మా'కు ఇంకో గుణం ఉంది. ఒక్కడే కొడుకైనా 'మా నాన్న' అంటాడు, 'నా నాన్న' అనడు. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా ఆ మాటలో ఇల్లంతా ఉంటుంది. తలుపు వేసుకొని ఒక్కడినే ఆ ప్రార్థన చెప్పుకునేటప్పుడు కూడా 'నా' అనే వీలు నాకు లేదు. సంగటి చల్లారుతున్నా ఆగినవాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు, గడప దగ్గర కూర్చున్న అవ్వ, ఫోటోలో లేని ఆ తమ్ముడు, అందరూ ఆ ఒక్క అక్షరంలోకి వచ్చేస్తారు. అనుదినాహారం అడిగేటప్పుడు కూడా నేను వాళ్లందరి పళ్లేలూ పట్టుకొని అడుగుతున్నట్టే లెక్క. అది తెలిశాక ఆ ప్రార్థనను తొందరగా ముగించడం కష్టంగా ఉంటోంది.